తాతయ్య పళ్లెంలో దెయ్యం

"బంగాళదుంపలతో దెయ్యాలేంటి అమ్మమ్మా? ఎవరైనా వింటే నవ్వుతారు," అంది సోరకా.

పిల్లకి తొమ్మిదేళ్ళు. నలుగురూ నవ్వుతారన్న బెంగ అప్పుడే పట్టుకుంది. వాళ్ళమ్మ ఫోనులో ఎవరో పంచదార ముద్దలతో దెయ్యాలు చేస్తుంటే చూసిందట, అవే కావాలట. పంచదార దెయ్యాన్ని చూసి పళ్ళ డాక్టరు తప్ప ఎవడూ భయపడడని చెప్పాను. ఈ ఇంట్లో హాలోవీన్ నాడు బంగాళదుంపలే ఉడుకుతాయి. మా అత్తగారు ఉడికించింది, ఆవిడకి ముందు వాళ్ళ అత్తగారు ఉడికించింది. దెయ్యాలు కావాలంటే వాటితోనే చేసుకోండి, లేకపోతే మీరే దెయ్యాలై ఊరు తిరగండి అన్నాను. నా నోరు అలాంటిది. మా ఊరి ఫాదర్ కూడా నాతో ఆచితూచి మాట్లాడతాడు.

సోరకా తమ్ముడు టైగ్‌కి ఆరేళ్ళు. వాడికి తినేది ఏదైనా సమ్మతమే. అప్పటికే ఏప్రన్ తొడుక్కుని, అది కాళ్ళకి అడ్డం పడుతుంటే ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు.

వీళ్ళిద్దరూ మా అమ్మాయి డింప్నా పిల్లలు. డింప్నా కాసిల్‌బార్ ఆసుపత్రిలో నర్సు. అక్టోబరు చివర బడికి వారం సెలవులివ్వగానే పిల్లల్నీ మూడు సంచుల్నీ నా గుమ్మంలో దించి డ్యూటీకి పరిగెడుతుంది. నాకూ అదే కావాలి. మా మేయో జిల్లాలో ఆ రోజుల్లో సాయంత్రం అయిదున్నరకే చీకటి పడుతుంది. ఒక్కదాన్నే ఉంటే ఆ చీకటికి అంతూ పొంతూ ఉండదు.

ఆ ఏడు నా గుండెలో రాయొకటి పడి ఉంది. ముందు ఆ సంగతి చెప్పాలి.

ఫింటన్ అని ఒకాయన ఉన్నాడు. ఊరూరా తిరిగే లైబ్రరీ బండి నడిపేవాడు. పదిహేను రోజులకోసారి గురువారం మా నాలుగు రోడ్ల దగ్గర బండి ఆపితే, నేను పుస్తకాలు మార్చుకునేదాన్ని. మార్చుకోవడానికి అయిదు నిమిషాలు చాలు, మాకు ముప్పావుగంట పట్టేది. ఆయన భార్య పోయి ఏడేళ్ళు, నా కోల్‌మన్ పోయి నాలుగేళ్ళు. వసంతంలో ఫింటన్ రిటైరయ్యాడు. సెప్టెంబరులో సొంత కారులో మా ఇంటికొచ్చి, చేతిలో పుస్తకం పెట్టి, పెళ్ళి చేసుకుందామా అని అడిగాడు. వానొస్తుందేమో అన్నంత మామూలుగా అడిగాడు. నేను హాలోవీన్ దాకా ఆగమన్నాను.

హాలోవీనే ఎందుకంటే, నాకు నిర్ణయించుకునే ధైర్యం లేక. మేము ఆ రోజు బంగాళదుంపలు మెత్తగా మెదిపి, కేల్ ఆకూ ఉల్లికాడలూ పాలూ వెన్నా కలిపి వండుతాం. అందులో కొన్ని వస్తువులు కాగితంలో చుట్టి దాస్తాం. వడ్డించుకున్నాక ఎవరి పళ్లెంలో ఏది వస్తే వాళ్ళ రాత అది. నాణెం వస్తే డబ్బు, గుడ్డపేలిక వస్తే లేమి. గుండీ వస్తే వాడు జన్మకి బ్రహ్మచారి. కుట్టుపనిలో వేలికి పెట్టుకునే ఇత్తడి తొడుగు వస్తే ఆమె జన్మకి కన్య. ఉంగరం వస్తే ఏడాది తిరక్కుండా పెళ్ళి. నమ్ముతారా అంటే అందరూ లేదంటారు, ఆ వస్తువులు వేయకుండా వండినవాళ్ళు మాత్రం ఊళ్ళో లేరు. అరవై మూడేళ్ళ వయసులో నేను నా బతుకుని ఆ ఉంగరానికి వదిలేశాను. నా పళ్లెంలోకి వస్తే సరే అంటాను, రాకపోతే వద్దంటాను. ఈ మాట గాల్వేలో ఉన్న మా చెల్లెలికి తప్ప ఎవరికీ చెప్పలేదు, అదీ ఫోనులో.

ఫింటన్ అంటే ఇష్టం లేక కాదు. నా భయమంతా సోరకాతోనే.

హాలోవీన్ సాయంత్రం ఇంట్లో పోయినవాళ్ళు ఒకసారి వచ్చి చూసిపోతారు. వాళ్ళ కోసం తలుపు గడియ వేయం, పొయ్యి ఆరనివ్వం, బల్ల మీద వాళ్ళకీ ఒక పళ్లెం పెడతాం. కోల్‌మన్ పోయిన ఏడు అయిదేళ్ళ సోరకా తనే కుర్చీ ఎక్కి అల్మరాలోంచి నీలం అంచు పళ్లెం దించి తాతయ్య చోట పెట్టింది. అప్పట్నుంచి అది దాని హక్కు. పొయ్యి పక్కన తాతయ్య కుర్చీలో ఎవరు కూర్చోబోయినా ఆ పిల్ల ఒక్క చూపు చూస్తుంది, వాళ్ళు లేచిపోతారు. నేనూ లేచిపోయాను ఒకసారి. అలాంటి పిల్లకి ఇంకొకాయన ఈ ఇంటికొస్తాడని ఏ నోటితో చెప్పను?

సరే, దెయ్యాల పని మొదలుపెట్టాం. దుంపలు మెదపడం టైగ్ పని. సగం గిన్నెలో ఉంది, సగం వాడి స్వెట్టరు మీద ఉంది. పాలు పోయడం సోరకా పని. ధారాళంగా పోసింది. మొదటి దెయ్యాన్ని నిలబెట్టగానే అది నడుం దగ్గర వంగి, మెల్లగా ట్రే నిండా పరుచుకుంది.

"ఇది దెయ్యం కాదు, దెయ్యం వాంతి," అన్నాడు టైగ్.

సోరకా నవ్వాపుకోవాలని చూసింది గానీ ముక్కులోంచి వచ్చేసింది. అంతటితో నలుగురూ నవ్వుతారన్న బెంగ కూడా పోయింది. ఇంకో మూడు దుంపలు ఉడికించి కలిపి, గుడ్డు సొన వేస్తే ముద్ద గట్టిపడింది. అడుగున వెడల్పుగా, పైకి పోనుపోను సన్నగా, చివర కొంచెం తోక వంచి దెయ్యాలు నిలబెట్టాం. దెయ్యాలకి కాళ్ళుంటాయా ఉండవా అని కాసేపు గొడవ పడ్డారు. ఉంటే వాటికి బూట్లు కొనాలి కాబట్టి ఉండవని టైగ్ తేల్చాడు. కళ్ళకి లవంగాలు గుచ్చారు. టైగ్ చేసినదానికి ఏడు కళ్ళు. వెనకాల ఎవరొస్తున్నారో చూసుకోవద్దా అని అడిగాడు.

అయిదు దెయ్యాలు, అయిదు వస్తువులు. దాచేటప్పుడు ఇద్దర్నీ గోడవైపు తిప్పి ఇరవై లెక్కపెట్టమన్నాను. ఒక్కోదాని అడుగున చెంచాతో తవ్వి, వస్తువు కుక్కి, మళ్ళీ పూడ్చాను. ఆ తర్వాత నేను కళ్ళు మూసుకుంటే టైగ్ దెయ్యాల్ని అటూ ఇటూ మార్చాడు. ఉంగరం ఎందులో ఉందో నాకు తెలియకూడదు. తెలిస్తే నా చేయి ఎటు పోతుందో నాకే నమ్మకం లేదు. ట్రే ఓవెన్‌లో పెట్టాం. కాసేపట్లో వెన్న వాసన ఇల్లంతా పట్టింది, తలలు బంగారు రంగుకి తిరిగాయి.

అప్పుడొచ్చాడు ఫింటన్, భోజనానికి నేనే రమ్మన్నాను. చేతిలో టర్నిప్ దుంపతో చెక్కిన దీపం ఉంది. గుమ్మడికాయ దీపాలు నిన్న మొన్నటి షోకు, మా చిన్నప్పుడు టర్నిప్పే. ఫింటన్ చెక్కిన మొహం ఎంత వికారంగా ఉందంటే, టైగ్ రెండడుగులు వెనక్కేసి, వెంటనే దాన్ని లాక్కుని గుండెలకి హత్తుకున్నాడు. వాడికి ఫింటన్ అంటే బండి తాత. సోరకా ఏ వరసా కలపదు. "మీరు తెచ్చారు కదా, థ్యాంక్స్," అంది, ఇంజెక్షన్ పొడిచిన డాక్టరుకి చెప్పినట్టు.

ఫింటన్ పొయ్యి పక్క కుర్చీ వంక చూశాడు. దాని జోలికి పోకుండా మూలనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆ స్టూలుకి ఒక కాలు పొట్టి. మనిషి కదిలినప్పుడల్లా అదీ కదులుతుంది. ఏడింటికల్లా వెళ్ళిపోవాలని ముందే చెప్పాడు. ఏటా హాలోవీన్ నాడు అంతే, చర్చి దగ్గర కనబడినా, ఎవరింట్లో కలిసినా, ఏడు కొట్టేసరికి టోపీ పెట్టేసుకుంటాడు. కోళ్ళు మూయాలి కాబోలనుకునేదాన్ని. ఉన్నవి నాలుగు కోళ్ళు, అవి చీకటి పడకముందే పడుకుంటాయని నాకు తోచనేలేదు.

వడ్డన తనే చేస్తానంది సోరకా. ముందు తాతయ్యకి, అది ఆనవాయితీ. నీలం అంచు పళ్లెం చేత్తో పట్టుకుని ట్రే ముందు చాలాసేపు నిలబడింది. ఒకదాన్ని చూసింది, ఇంకోదాన్ని చూసింది, చివరికి తోక మీద చెంచా గాటున్న దెయ్యాన్ని ఎత్తి తాతయ్య పళ్లెంలో పెట్టింది. అన్నిట్లోకీ మంచిది తాతయ్యకి ఏరుతోంది అనుకుని నా కళ్ళు చెమ్మగిల్లాయి. నా అంత తెలివితక్కువది మా జిల్లాలోనే ఉండదు.

తర్వాత మా నలుగురికీ వడ్డించింది. దెయ్యాల కళ్ళు పీకి పక్కన పెట్టి, తలల్లో గుంటలు చేసి వెన్న వేసుకుని తినడం మొదలుపెట్టాం. టైగ్ నోట్లోంచి కాగితం పొట్లం తీశాడు. గుండీ. అంటే నీకు ఎప్పటికీ పెళ్ళి కాదురా అన్నాను. పీడా వదిలిందన్నాడు. ఫింటన్‌కి ఇత్తడి తొడుగు వచ్చింది. జన్మకి కన్యగా ఉండిపోయే రాత అన్నమాట. ఆయన దాన్ని చిటికెన వేలికి పెట్టుకుని, తనకి ముందే అనుమానంగా ఉండేదని చెప్పాడు. సోరకాకి నాణెం వచ్చింది. అది నవ్వలేదు, నా పళ్లెం వంకే చూస్తోంది.

నా దెయ్యం కడుపులోంచి గుడ్డపేలిక వచ్చింది.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ పేలిక పట్టుకున్నాక తెలిసింది నాకు, ఉంగరం కోసం ఎంత ఎదురుచూశానో. నెలన్నర పాటు ఏమీ తేల్చుకోలేకపోతున్నానని అనుకున్నదాన్ని, ఎప్పుడో తేల్చేసుకున్నాను. ఇప్పుడు వద్దని చెప్పాలి. నా పందెం నేనే కాశాను, మాట తప్పలేను.

టైగ్ వేళ్ళు ముడుస్తున్నాడు. గుండీ ఒకటి, తొడుగు రెండు, నాణెం మూడు, పేలిక నాలుగు. అయిదో వేలు పట్టుకుని బల్ల చుట్టూ చూశాడు. అందరి చూపులూ ఒక్కసారే నీలం అంచు పళ్లెం మీదికి వెళ్ళాయి. ఎవరైనా వారించేలోపు వాడు బల్ల మీద పాకి, తాతయ్య దెయ్యాన్ని రెండు చేతులా చీల్చాడు. కాగితం విప్పితే ఉంగరం.

"తాతయ్యకి పెళ్ళి!" అన్నాడు.

ఫింటన్ తల వంచుకున్నాడు. నవ్వుకి భుజాలు కదులుతున్నాయి, స్టూలు టకటకా కొట్టుకుంటోంది. నాకు ముందు ఒళ్ళు జలదరించింది, తర్వాత నవ్వు తన్నుకొచ్చింది. కోల్‌మన్ ఉంటే ఆ మాటకి బల్ల చరిచి మరీ నవ్వేవాడు. పోయినవాళ్ళకి పెళ్ళేమిట్రా అన్నాను. దెయ్యాలకి దెయ్యాలతో చేస్తారు, నీకు ఆ మాత్రం తెలీదా అన్నాడు టైగ్.

సోరకా నవ్వలేదు. మొహం ఎర్రగా కందిపోయింది.

"నేనే పెట్టా," అంది. "కావాలనే పెట్టా."

మేము చీకటి పడ్డాక దెయ్యాలు చేశాం. గోడవైపు తిరిగి నిలబడిన పిల్లకి పక్కనే కిటికీ ఉంది. బయట చీకటి, లోపల దీపం. ఆ అద్దంలో నేను ఉంగరం దాచడం సినిమాలా చూసింది. ఆ దెయ్యం తోక మీద నా చెంచా గీసుకుని గాటు పడింది. టైగ్ ఎన్నిసార్లు మార్చినా దాని కళ్ళు ఆ గాటు మీదే ఉన్నాయి. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. మా ఇంట్లో అది తొమ్మిదేళ్ళ పిల్ల.

"చిన్నమ్మమ్మతో ఫోన్లో చెప్పావుగా, ఉంగరం నీకొస్తే ఈయన్ని చేసుకుంటానని. నేను మెట్ల మీదున్నా," అంది. "తాతయ్య పళ్లెంలో పెడితే ఎవరూ ముట్టుకోరు. పొద్దున్నే పిట్టలకి వేసేస్తాం. ఇంక ఎవరికీ రాదు."

ఫింటన్ నా వంక తిరిగాడు. పందెం సంగతి ఆయనకి అప్పుడే తెలిసింది.

"నన్ను బంగాళదుంపలకి వదిలేశావా, అట్రాక్టా?"

నేను చేతిలో పేలికని మడత మీద మడత పెట్టాను. ఆయన మొహంలో కోపం లేదు, అందుకే ఎక్కువ సిగ్గేసింది.

సోరకాకి ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే అడిగింది. "నువ్వు పెళ్ళి చేసుకుంటే తాతయ్యకి పళ్లెం ఎవరు పెడతారు? ఆయనొచ్చి చూస్తే కుర్చీలో ఇంకొకళ్ళుంటే, మళ్ళీ వెళ్ళిపోతాడు కదా."

అదీ దాని బాధ. నాలుగేళ్ళుగా ఆ పిల్ల ఆ కుర్చీకి కాపలా కాస్తోంది, నేను మొండితనం అనుకున్నాను. దగ్గరికి తీసుకున్నాను.

ఫింటన్ వేలినున్న ఇత్తడి తొడుగు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ కుర్చీలో తను ఎప్పటికీ కూర్చోనని సోరకాతో చెప్పాడు. తనింట్లో కూడా అలాంటి కుర్చీ ఒకటుందని, పచ్చ కుషన్ వేసి ఉంటుందని చెప్పాడు. తర్వాత కొంచెం ఆగి, "మా ఫిలోమినాకి నేనూ పెడతాను పళ్లెం, ఏడేళ్ళుగా. అందుకే ఏడింటికి వెళ్ళిపోతా. ఎదురుగా కూర్చుని నేనూ తింటా. ఒక్కదాన్నే కూర్చోబెట్టి రావడం బాగుండదు," అన్నాడు.

నాలుగు కోళ్ళ మీద నేను ఎన్నేళ్ళు నింద మోపానో గుర్తొచ్చింది.

సోరకా ముక్కు తుడుచుకుంది. "ఇప్పుడు ఆవిడ దగ్గర ఎవరున్నారు?" అని అడిగింది.

ఎవరూ లేరన్నాడు ఫింటన్. పొయ్యి రాజేసి, తలుపు గడియ తీసి వచ్చాడట.

టైగ్ చీల్చిన దెయ్యాన్ని తినొచ్చా లేదా అన్న విచారంలో ఉన్నాడు. సోరకా లేచి అల్మరా దగ్గరికి కుర్చీ జరుపుకుని ఎక్కింది. అక్కణ్ణుంచే తల తిప్పి అడిగింది.

"బండి తాతా, ఆవిడకి ఏ రంగు పళ్లెం కావాలి?"

పచ్చదన్నాడు ఫింటన్.

పచ్చ అంచుది ఒకటే ఉంది, అంచు కొంచెం బీటలు వారింది. సోరకా దాన్ని తెచ్చి నీలం పళ్లెం పక్కన పెట్టింది. టైగ్ చీల్చిన ముద్దని రెండు చేసి, నొక్కి, రెండు చిన్న దెయ్యాలు నిలబెట్టింది. లవంగాల కళ్ళు గుచ్చింది. పొయ్యి పక్కకి ఇంకో కుర్చీ జరిపింది. ఆవిడకి ఇక్కడికి దారి తెలుస్తుందా అన్న అనుమానం వచ్చి, టర్నిప్ దీపాన్ని టైగ్ చేతుల్లోంచి విడిపించి కిటికీలో పెట్టింది.

"అయితే తాతయ్య చేసుకునేది ఆవిణ్ణేనా?" అన్నాడు టైగ్.

ఫింటన్ ఆ ప్రశ్నని గౌరవంగా తీసుకున్నాడు. "అడిగి చూడాలి. కోల్‌మన్ గురక పెడతాడా?"

రైలింజన్ లాగా పెడతాడని నేను చెప్పాను. ఫిలోమినాకి ఎడమ చెవి వినబడదు, ఫర్వాలేదన్నాడాయన. టైగ్ సంబంధం ఖాయమైనట్టు తలూపాడు. సోరకా కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి గానీ, ఈసారి నవ్వు ఆపుకోవాలని చూడలేదు.

బల్ల మీద ఉంగరం అలాగే ఉంది, బంగాళదుంప అంటుకుని. అది మా అత్తగారి కాలం నాటి ఇత్తడి ఉంగరం, ఆ సాయంత్రానికి తప్ప దేనికీ పనికిరాదు. సోరకా దాన్ని తీసి స్వెట్టరుకి తుడిచింది. దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత నా అరచేయి విప్పి అందులో పెట్టింది.

"తాతయ్య వేళ్ళు లావు కదా, అమ్మమ్మా. ఆయనకిది పట్టదు."

నేను ఫింటన్ వంక చూసి సరే అన్నాను. అంతకంటే ఏమీ అనలేదు. జన్మలో నేను అంత పొట్టి మాట ఎప్పుడూ ఆడలేదని ఆయన ఇప్పటికీ అంటాడు.

గోడ గడియారం ఏడు కొట్టింది. ఫింటన్ టోపీ అందుకోలేదు. స్టూలు తిరగేసి పొట్టి కాలు చూసుకుని, ఇంట్లో చిన్న చెక్కముక్క ఏదైనా ఉందా అని సోరకాని అడిగాడు.